కొయ్యపట్టాల రోలర్ కోస్టరు: గొప్పతనం ఎక్కడ ఉన్నది?

1980లో అమెరికాలోని శాన్ ఆంటోనియో నగరంలో ప్లేలాండ్ పార్కు అనే వినోదవనం మూతపడింది. ఆ వనంలో ‘రాకెట్’ అనే రోలర్ కోస్టరు ఒకటి ఉండేది. ఎత్తుపల్లాలతో, మలుపులతో కట్టిన కొయ్యదారి మీద చిన్న రైలువంటి పెట్టెల వరుస ఇంజను లేకుండానే పరుగెత్తే ఏర్పాటు అది. వనం మూతపడిన తరువాత నాలుగేళ్ళకు పైగా ఆ కట్టడం ఎండలో ఎండుతూ, వానలో నానుతూ నిలిచిపోయింది. చివరకు పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఎలీస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్న కనోబెల్స్ వినోదవనం వారు దానిని కొన్నారు. అప్పటికి దాని అసలు ప్లానులు దొరకలేదు. అందుచేత వడ్రంగులు ఒక్కొక్క కొయ్యకూ అంకె వేసి, ఏది ఎక్కడిదో వ్రాసుకొని, కట్టడమంతా ఊడదీసి, రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరం మోయించి, కొత్త చోట తిరిగి నిలబెట్టారు. 1985 జూన్‌లో అది మళ్ళీ నడిచింది. బూడిదనుంచి తిరిగి పుడుతుందని గ్రీకులు చెప్పుకొన్న పక్షి పేరు, ‘ఫీనిక్స్’, దానికి పెట్టారు.

ఈ ఫీనిక్స్ ఎత్తు సుమారు 24 మీటర్లు. అతి ఎక్కువ వేగం గంటకు 72 కిలోమీటర్లు. ఈ అంకెలలో విశేషమేమీ కనబడదు. నేడు దీనికి రెండింతలు మించిన ఎత్తుగల కొయ్య కోస్టర్లు ఉన్నవి. అయినా ‘అమ్యూజ్‌మెంట్ టుడే’ అనే వృత్తిపత్రిక ఏటా అనుభవజ్ఞుల ఓట్లతో ఇచ్చే ‘గోల్డెన్ టికెట్’ బహుమానాలలో 2018లోనూ, 2019లోనూ కొయ్య కోస్టర్లలో మొదటి స్థానం దీనికే దక్కింది. ఎత్తులోనూ వేగంలోనూ వెనుకబడిన పాత కట్టడం మొదటి వరుసలో ఎట్లా నిలిచింది? దీనికి జవాబు చాలవరకు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోనే దొరుకుతుంది.

కొయ్య అనిపించేది ఏది?

హైదరాబాదు వంటి నగరాల వినోదవనాలలో మన విద్యార్థులు చూచేవి ఉక్కు కోస్టర్లు. వాటిలో బండి నడిచేది ఉక్కు గొట్టాల మీద. కొయ్య కోస్టరులో పట్టా వేరు. దళసరి పలకలను ఒకదానిమీద ఒకటిగా ఏడెనిమిది పొరలు పేర్చి, మేకులతోనూ మరబోల్టులతోనూ బిగించి పట్టా తయారు చేస్తారు. చక్రం తగిలే చోట మాత్రం పలుచని వెడల్పాటి ఇనుపపట్టీ పరుస్తారు. ఎద్దుబండి కొయ్యచక్రానికి అరుగుదల లేకుండా ఇనుపకట్టు వేయడం మనకు తెలుసు. ఇక్కడ ఆ కట్టును చక్రానికి గాక దారికి వేశారన్నమాట.

కాబట్టి ఒక కోస్టరును కొయ్యది అనడానికి కారణం పట్టాయే గాని, కింద నిలబెట్టిన స్తంభాలు కావు. న్యూయార్కులోని కోనీ ఐలండ్‌లో 1927లో కట్టిన ప్రసిద్ధమైన ‘సైక్లోన్’ స్తంభాలు ఉక్కువి. అయినా పట్టా కొయ్యది గనుక అది కొయ్య కోస్టరే. ఎక్కువ కోస్టర్లలో స్తంభాలు కూడా కొయ్యవే. అమెరికాలో దీనికి ఎక్కువగా వాడేది దక్షిణ రాష్ట్రాలలో పెరిగే ఒక జాతి దేవదారు, పురుగూ కుళ్ళూ పట్టకుండా మందు ఎక్కించినది.

పెట్టె కిందికి తొంగిచూస్తే చక్రాలు మూడు జతలుగా కనబడతవి. బరువు మోసేవి పట్టా పైన దొర్లుతవి. మలుపులలో పక్కకు తప్పుకోకుండా కాచేవి పట్టా పక్కన దొర్లుతవి. మూడో జత పట్టా అంచుకు అడుగున ఉంటుంది. మామూలుగా అది దేనినీ మోయదు. పెట్టె పైకి లేవబోయినప్పుడు మాత్రం పట్టాను అడుగునుంచి పట్టుకొని ఆపుతుంది. ఈ మూడో చక్రమే కోస్టరు చరిత్రను రెండు భాగాలుగా విడదీసింది.

మంచుదిబ్బనుంచి కోనీ ఐలండ్ దాకా

రష్యాలో చలికాలంలో కొయ్యదిబ్బలు కట్టి, వాటిపై నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైనుంచి జారడం పద్దెనిమిదవ శతాబ్దంలో పెద్ద వేడుక. ఆ వేడుక ఫ్రాన్సుకు చేరింది. అక్కడ మంచుకు బదులు చక్రాలు వచ్చినవి. 1817లో పారిస్‌లో ఇటువంటి జారుడుదారులు రెండు వెలిసినవి. నేటికీ ఫ్రెంచివారు రోలర్ కోస్టరును ‘రష్యా కొండలు’ అంటారు. చిత్రమేమంటే రష్యావారు దానినే ‘అమెరికా కొండలు’ అంటారు!

అమెరికాలో దీనికి బీజం బొగ్గుగనిలో పడింది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే చోట కొండమీది గనినుంచి బొగ్గు దింపడానికి 1827లో ఒక పట్టాలదారి వేశారు. నిండు బండ్లు వాటి బరువుతోనే దిగివచ్చేవి. తరువాతి కాలంలో జనం డబ్బిచ్చి మరీ వాటిలో ఎక్కి దిగసాగారు. 1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన కోనీ ఐలండ్ సముద్రతీరాన వినోదానికే ఒక దారి కట్టి అయిదు సెంట్ల రుసుము పెట్టాడు. దాని వేగం గంటకు పది కిలోమీటర్లు, అంటే పరుగెత్తే మనిషి దానిని మించగలడు. అయినా జనం విరగబడ్డారు.

ఆ తొలి కోస్టర్లకు అడుగు చక్రాలు లేవు. పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో 1902లో కట్టిన ‘లీప్ ది డిప్స్’ మిగిలి ఉన్న కోస్టర్లన్నిటిలో పాతది. దానికీ ఆ చక్రాలు లేవు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరపు లూనా పార్కులో 1912లో కట్టిన ‘సీనిక్ రైల్వే’లో బ్రేకు వేసే మనిషి ఒకడు పెట్టెల మధ్య నిలబడి ప్రయాణం చేస్తూ, అవసరమైన చోట వేగం తగ్గిస్తాడు. వేగం మితిమీరితే పెట్టె పట్టాను విడిచి లేస్తుంది గనుక ఆ కాపలా తప్పదు. జాన్ మిల్లర్ అనే అమెరికా ఇంజనీరు ఈ ఇబ్బందిని తొలగించాడు. పట్టా అడుగున దొర్లే చక్రాలకు 1919లో ఆయన పేటెంటు పొందాడు. కోస్టర్ల మీద వందకు పైగా పేటెంట్లు తీసిన మనిషి ఆయన. ఆ వందలోనూ ఇంతటి మార్పు తెచ్చినది మరొకటి లేదనవచ్చును. తరువాత పదేళ్ళలో అమెరికాలో కోస్టర్ల సంఖ్య వెయ్యి దాటింది. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం, ఆపైన యుద్ధం వాటిలో చాలావాటిని మింగినవి.

శక్తి లెక్క, ప్రకటన లెక్క

కోస్టరు రైలుకు ఇంజను లేదు. ఆరంభంలో ఒక గొలుసు దానిని మొదటి ఎత్తు మీదికి లాగుతుంది. అప్పుడు వినబడే టకటక శబ్దం గొలుసుది కాదు. పెట్టె అడుగున వేలాడే ఉక్కునాలుక దారి వెంట ఉన్న పళ్ళమీద ఒక్కొక్కటిగా పడుతూ వెళ్ళే చప్పుడది. గొలుసు తెగినా రైలు వెనుకకు జారకుండా ఆ నాలుక పన్నులో చిక్కుకొని నిలుపుతుంది.

శిఖరం చేరినప్పుడు రైలుకు ఉన్నది స్థితిజ శక్తి. కిందికి దిగుతున్నకొద్దీ అది గతిజ శక్తిగా మారుతుంది. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ ఎత్తుతోనూ గుణిస్తే స్థితిజ శక్తి వస్తుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణిస్తే గతిజ శక్తి వస్తుంది. రెంటినీ సమానం చేస్తే ద్రవ్యరాశి రెండు పక్కలా కొట్టుకుపోతుంది. గురుత్వ త్వరణాన్ని ఎత్తుతో గుణించి, రెట్టించి, వర్గమూలం తీస్తే వేగం తేలుతుంది. ఘర్షణ అనేదే లేకపోతే ఖాళీ రైలూ నిండు రైలూ ఒకే వేగంతో దిగవలెను. నిజానికి నిండు రైలే చురుకుగా పోతుంది. గాలి అడ్డగింపు రెంటికీ ఇంచుమించు ఒకటే. బరువు ఎక్కువైన రైలును అది తక్కువగా మందగింపజేస్తుంది.

ఈ సూత్రంతో ఫీనిక్స్‌ను పరీక్షిద్దాం. దాని మొదటి దిగుడు సుమారు 22 మీటర్లు. 9.8ని 22తో గుణించి రెట్టిస్తే 431. వర్గమూలం 20.8. అంటే సెకనుకు 20.8 మీటర్లు, గంటకు సుమారు 75 కిలోమీటర్లు. వనం వారు చెప్పే వేగం 72. ఘర్షణకు కొంత పోయిందనుకుంటే లెక్క చక్కగా సరిపోతున్నది.

ఇక కోనీ ఐలండ్ సైక్లోన్. దాని ఎత్తు 85 అడుగులు, అంటే 26 మీటర్లు. వేగం గంటకు 60 మైళ్ళు, అంటే 97 కిలోమీటర్లు అని పుస్తకాలలోనూ ప్రకటనలలోనూ దశాబ్దాలుగా అచ్చవుతున్నది. లెక్క కడితే వచ్చేది సెకనుకు 22.6 మీటర్లు, గంటకు 81 కిలోమీటర్లు. అదీ ఘర్షణ ఏమాత్రమూ లేనప్పటి మాట. 97 రావాలంటే రైలు శిఖరం మీదనే గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో ఉండాలి. గొలుసు దానిని అక్కడికి తెచ్చేది నడక వేగానికి కొంచెం అటూ ఇటూగానే. కాబట్టి అచ్చులో ఉన్నంత మాత్రాన ఆ అంకెను నమ్మనక్కరలేదు. పదో తరగతి విద్యార్థి ఒక కాగితం ముక్క మీద దీనిని తేల్చగలడు. ఉపాధ్యాయులు తరగతిలో ఇవ్వదగిన లెక్కలలో ఇది ఒకటి.

ఈ తప్పువల్ల సైక్లోన్‌కు వచ్చే లోటేమీ లేదు. 1988లో న్యూయార్కు నగరం దానిని రక్షిత కట్టడంగా ప్రకటించింది. ఎక్కినవారికి 97 అనిపించిందంటే అది ప్రకటన మహిమ కాదు. పక్కనే దూసుకుపోయే స్తంభాలు, తలకు తగులుతవేమో అనిపించే అడ్డదూలాలు వేగాన్ని పెంచి చూపుతవి. విమానంలో వేగం తెలియదు, సందులో సైకిలు తొక్కితే తెలుస్తుంది. కట్టేవారికి ఈ రహస్యం బాగా తెలుసు.

కడుపులో ఏదో అయ్యే చోటు

కోస్టరు ఎక్కినవారిని ఏది బాగున్నదని అడిగితే వేగం అని చెప్పేవారు తక్కువ. ఎత్తు దాటుతున్నప్పుడు పీట మీదనుంచి లేచిపోయిన ఆ క్షణం అంటారు. ఉయ్యాల ఎత్తునుంచి వెనుకకు తిరిగేటప్పుడు కడుపులో కలిగే తేలికదనం దీనికి చిన్నతమ్ముడు.

కారణం ఇది. గాలిలోకి విసిరిన రాయి పరావలయంలో ప్రయాణం చేస్తుంది. రాయికి ఆధారం లేదు. దానికి భారం తెలియదు. రైలు ఎత్తు దాటేటప్పుడు దారి వంపు సరిగ్గా అదే పరావలయమైతే, రైలూ అందులోని మనుష్యులూ విసిరిన రాళ్ళవలెనే పోతారు. పీట వారిని మోయనక్కరలేదు. ఇదే భారరాహిత్యం. దారి అంతకంటె చదునుగా ఉంటే శరీరం పీటను కొంతవరకు నొక్కుతూనే ఉంటుంది. అంతకంటె కొనదేలి ఉంటేనో? శరీరం పరావలయంలో పోజూస్తుంది, రైలు తొందరగా కిందికి మళ్ళుతుంది. మనిషి పీటనుంచి లేస్తాడు. తొడలమీది అడ్డకడ్డీ అతనిని కిందికి నొక్కుతుంది. రైలును అడుగు చక్రాలు నొక్కుతవి.

అంకెలలో చూస్తే స్పష్టమవుతుంది. శిఖరం దగ్గర దారి వక్రతా వ్యాసార్థం 10 మీటర్లు, వేగం సెకనుకు 12 మీటర్లు అనుకుందాం. వేగవర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే 14.4 వస్తుంది. ఆ వంపులో పోవడానికి కావలసిన త్వరణం అది. భూమి ఇవ్వగలిగినది 9.8 మాత్రమే. తక్కిన 4.6ను అడ్డకడ్డీ ఇవ్వాలి. 50 కిలోగ్రాముల విద్యార్థి విషయంలో ఇది సుమారు 23 కిలోగ్రాముల బరువుతో పైనుంచి నొక్కినట్లు. అతనికి మాత్రం ఎవరో తనను ఆకాశంలోకి లాగుతున్నట్లు తోస్తుంది.

ఇందులో ఇంకొక అందం ఉన్నది. వేగం ఎత్తుతేడా మీద ఆధారపడి ఉన్నది గదా. రెండు సూత్రాలనూ కలిపితే గురుత్వ త్వరణం కూడా కొట్టుకుపోయి ఒక చిన్న నియమం మిగులుతుంది. మొదటి శిఖరంకంటె ఈ శిఖరం ఎంత కిందుగా ఉన్నదో చూచి దానిని రెట్టించండి. అది ఇక్కడి వక్రతా వ్యాసార్థానికి మించితే మనిషి పీటనుంచి లేస్తాడు. మించకపోతే లేవడు. ఘర్షణను లెక్కలోకి తీసుకొంటే ఈ అంకె కొద్దిగా మారుతుంది గాని నియమం మారదు. ఇందులో మొదటి శిఖరం ఎంత ఎత్తన్న ప్రశ్నే లేదు! ఉన్నది ఎత్తుల తేడా, వంపు పదును మాత్రమే. ఇరవైనాలుగు మీటర్ల ఫీనిక్స్ తనకంటె పెద్దవాటిని దాటిపోవడానికి మొదటి కారణం ఇక్కడ ఉన్నది.

పల్లంలో కథ తలకిందులు. సెకనుకు 20 మీటర్ల వేగంతో, 20 మీటర్ల వ్యాసార్థమున్న పల్లం దాటితే పైముఖంగా 20 త్వరణం కావాలి. దానికి భూమి లాగే 9.8 కూడా చేరుతుంది. మనిషికి తన బరువు మూడింతలైనట్లు తోస్తుంది. తల ఎత్తలేడు. ఆ వెంటనే శిఖరం, ఆ వెంటనే పల్లం. బరువు మూడింతలై, శూన్యమై, మళ్ళీ మూడింతలు కావడం రెండు మూడు సెకన్లలో జరుగుతుంది. లోపలి చెవిలోని సున్నపురేణువులు, కడుపులో కొంత సడలికతో వేలాడే అవయవాలు ఈ మార్పును వెంటనే పసిగట్టి మెదడుకు తెలుపుతవి. కన్ను చెప్పేదానికంటె ముందే శరీరం భయపడుతుంది.

ఏ పీట మంచిది అన్నది కోస్టరు ప్రియుల మధ్య తెగని తగవు. రైలులోని పెట్టెలన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నవి గనుక ఏ క్షణంలోనైనా అన్నిటి వేగమూ ఒకటే. గొలుసు శిఖరం మీద మొదటి పెట్టె దిగుడులోకి తల వంచినప్పుడు వెనుక పెట్టెలు ఇంకా ఎక్కుతున్నవి. కాబట్టి అది మెల్లగా వేలాడుతూ దిగుతుంది. చివరి పెట్టె శిఖరానికి వచ్చేసరికి ముందువన్నీ కిందికి పరుగెత్తుతున్నవి. దానిని శిఖరం మీదుగా ఈడ్చివేస్తవి. పైకి లేవడం కావలసినవారు వెనుక కూర్చోవాలి. దారి చూడాలంటే ముందు కూర్చోవాలి.

కొయ్య చేసే పని

ఇంతవరకు చెప్పినదంతా ఉక్కుకూ వర్తిస్తుంది. అయితే కొయ్యకే ఉన్న గుణమేమిటి?

కొయ్య వంగుతుంది. రైలు పోతున్నప్పుడు కట్టడం ఊగడం కింద నిలబడ్డవారికి కూడా కనబడుతుంది. కొత్తవారు చూచి బెదరుతారు. ఊగకపోతేనే బెదరవలసి ఉంటుంది. ఏటవాలు కొయ్యలతో కట్టడమంతా త్రిభుజాలుగా బిగించి ఉంటుంది; ఒక చోట పడ్డ దెబ్బ అనేక కొయ్యలకు, వేల బోల్టులకు పంచుకుపోతుంది. కొయ్యనారలు, కీళ్ళు కొంచెం కొంచెం కదిలి ఆ శక్తిని వేడిగా మార్చి అణచివేస్తవి. ఉక్కుగొట్టం మీద రైలు నున్నగా పోతుంది. కొయ్యపట్టా మీద గరగరలాడుతూ, చిన్నచిన్న కుదుపులతో, పెద్ద మోతతో పోతుంది. ఆ మోత ప్రయాణంలో భాగం. అయితే కుదుపు మితంగా ఉన్నంతసేపే. నడుముకు దెబ్బ తగిలే కుదుపును గొప్పతనమనుకోవడం పొరపాటు. అది మరమ్మతు లేని లక్షణం.

కొయ్య తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. బోల్టులు వదులవుతవి. పట్టీలు అరుగుతవి. పొద్దున రైలు ఒక తీరున నడిస్తే, చక్రాల కందెన వేడెక్కిన సాయంకాలం చురుకుగా నడుస్తుంది. వాన పడి పట్టా తడిస్తే మరింత వేగం. ఒకే కోస్టరు ఒకేరోజు రెండు తీరులుగా ఉండవచ్చును. ఉక్కుకంటె కొయ్యలో ఈ మార్పు ఎక్కువ. పాత కోస్టర్లలో పలకలు ఏటేటా కొన్ని చొప్పున మారుస్తూ వస్తారు. తొంబై ఏళ్ళు దాటిన కోస్టరులో కట్టిననాటి పలకలు కొద్దిగా మిగిలి ఉంటవి. రూపం మాత్రం నాటిదే.

మితిమీరిన చోట్లు

బలం ఎక్కువైతే ఆనందం ఎక్కువ అనుకొని కట్టినవి లేకపోలేదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రపు క్రిస్టల్ బీచ్‌లో 1927లో హ్యారీ ట్రేవర్ అనే ఇంజనీరు ఒక ‘సైక్లోన్’ కట్టాడు. తెరపి లేకుండా మలుపు మీద మలుపు. దిగేచోట స్పృహ తప్పినవారిని చూచుకోవడానికి ఒక నర్సును ఉంచవలసివచ్చింది. చూడవచ్చినవారు కిక్కిరిసేవారు, ఎక్కేవారు పలచబడ్డారు. నిర్వహణ ఖర్చు తడిసి మోపెడయింది. 1946లో దానిని తీసివేశారు. దాని ఉక్కులో కొంత భాగంతో 1948లో అక్కడే ‘కామెట్’ అనే మరొక కోస్టరు కట్టారు. వేగం ఉన్నా తెరపి తెలిసిన కోస్టరు అది. ఆ వనం మూతపడ్డాక కామెట్‌ను న్యూయార్కు రాష్ట్రానికి తరలించగా 1994నుంచి అక్కడ నడిచింది.

రెండవది ఇటీవలిది, విషాదకరమైనది. ఒహాయో రాష్ట్రంలోని కింగ్స్ ఐలండ్ వనంలో 2000లో ‘సన్ ఆఫ్ బీస్ట్’ అనే కొయ్య కోస్టరు తెరిచారు. ఎత్తు 66 మీటర్లు. వేగం గంటకు 126 కిలోమీటర్లు. తలకిందులు చేసే చుట్టు ఒకటి. కొయ్య కోస్టర్లలో అంత ఎత్తు అంతకుముందు లేదు. ఇక్కడ వేగవర్గం సంగతి గుర్తుచేసుకోవాలి. ఫీనిక్స్ వేగానికి ఇది ఒకటిముప్పావు రెట్లు. అదే వంపులో పోతే పట్టా మీద పడే బలం మూడు రెట్లు. వంపులు విశాలం చేసి దీనిని కొంత తగ్గించవచ్చును; బరువైన రైలు ప్రతి రెండు మూడు నిమిషాలకు ఒకసారి వేసే దెబ్బను మాత్రం తప్పించలేరు. 2006 జూలైలో ఒక చోట కట్టడపు కొయ్య దెబ్బతిని పట్టా కుంగింది. రైలు ఆ గుంతలో పడి లేచినప్పుడు 27 మంది గాయపడ్డారు. చుట్టు తీసివేసి, తేలిక రైళ్ళు తెచ్చి, 2007లో తిరిగి నడిపారు. 2009లో మరొక ప్రయాణికురాలి ఫిర్యాదు తరువాత ఆపారు. 2012లో కూల్చివేశారు.

అదే వనంలో 1979లో కట్టిన ‘బీస్ట్’ మాత్రం నిలిచింది. పొడవు సుమారు 2,240 మీటర్లు. ప్రపంచంలో అతి పొడవైన కొయ్య కోస్టరు ఇదే. కట్టినవారు ఎత్తైన స్తంభాలు లేపలేదు. అడవిలోని వాగులూ గట్లూ ఎట్లా పోతే దారిని అట్లా పోనిచ్చారు. నేల దగ్గరగా, చెట్ల మధ్యనుంచి, సొరంగాలలోనుంచి రైలు పోతుంది. రాత్రివేళ ముందు ఏమున్నదో ఏమీ కనబడదు. నేలను ఇట్లా వాడుకోవడం జాన్ మిల్లర్ కాలంనాటి విద్యే. పిట్స్‌బర్గ్ దగ్గర కెన్నీవుడ్ వనంలో 1920లో ఆయన కట్టిన ‘జాక్ రాబిట్’ ఒక లోయ వాలున ఉన్నది. మెట్టులాగా రెండు విడతలుగా విరిగిన దాని దిగుడు మీద, మెల్లగా పోయే ఆ రైలు కూడా మనిషిని పీటనుంచి లేపుతుంది.

ఫీనిక్స్ ప్రయాణం

ఇప్పుడు ఫీనిక్స్ దారిని మొదటినుంచి చూస్తే దానిలోని నేర్పు తెలుస్తుంది. దానిని మొదట రూపొందించిన వ్యక్తి ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీకి చెందిన హెర్బర్ట్ ష్మెక్. రైలు నిలయం విడిచిన వెంటనే గొలుసు ఎక్కదు. ముందు పొడవైన చీకటి సొరంగంలోకి పోతుంది. అందులో వేగమూ లేదు, ఎత్తూ లేదు. ఊరికే ఎదురుచూపు. తరువాత గొలుసు, మొదటి దిగుడు, దూరపు కొసన మలుపు, తిరుగుముఖం. దారిమధ్య ఒకచోట ఎత్తు రెండు మెట్లుగా వస్తుంది. మరొకచోట దిగుడు రెండు మెట్లుగా వస్తుంది. చివర చిన్నచిన్న గుట్టల వరుస.

మంచి కోస్టరుకూ మామూలు కోస్టరుకూ తేడా తెలిసేది ఈ చివరి భాగంలోనే. ప్రతి మలుపులో, ప్రతి పల్లంలో శక్తి కొంత వేడిగానూ చప్పుడుగానూ పోతుంది. వేగం తగ్గుతున్నది గనుక గుట్ట వ్యాసార్థం కూడా తగ్గించుకుంటూ రావాలి. ఆరంభంలో సెకనుకు 18 మీటర్లతో పోయేటప్పుడు 33 మీటర్ల వ్యాసార్థం భారరాహిత్యం ఇస్తుంది. చివర సెకనుకు 9 మీటర్లకు పడిపోయినప్పుడు 8 మీటర్ల గుట్ట చాలు. రూపకర్త ఈ తగ్గింపును సరిగా ఊహించకపోతే రైలు చివరిభాగంలో చప్పగా దొర్లుతూ ఇంటికి చేరుతుంది. భారీ కోస్టర్లు అనేకం ఇట్లానే మొదటి దిగుడులో సొమ్మంతా ఖర్చుచేసి తరువాత అప్పులపాలవుతవి. ఫీనిక్స్‌లో చివరి గుట్టలు కూడా మనిషిని పీటనుంచి లేపుతవి. పైగా దాని అడ్డకడ్డీ పాతకాలపుది. ఇద్దరికీ కలిపి ఒకటే. ఒకే చోట ఆగుతుంది, తొడల మీదికి అదుముకోదు. లేవడానికి కొంత జాగా మిగులుతుంది.

కొత్త పద్ధతులూ వచ్చినవి. న్యూజెర్సీలో 2006లో తెరిచిన ‘ఎల్ టోరో’ పట్టాను ఫ్యాక్టరీలో యంత్రాలతో అతి ఖచ్చితంగా కోసి, ముక్కలుగా తెచ్చి అమర్చారు. ఎత్తు 55 మీటర్లు, దిగుడు వాలు 76 డిగ్రీలు. అక్కడికక్కడ వడ్రంగి పేర్చిన పట్టాకంటె అది ఎంతో నున్నగా ఉంటుంది. కొయ్య గరగర లేనిదే కొయ్య కోస్టరు కాదనేవారు దీనిని ఒప్పుకోరు. పరావలయాల లెక్క తెలిసినవారు మెచ్చుకొంటారు. కొన్నిచోట్ల పాత కొయ్య కట్టడాన్ని ఉంచి, పట్టాను మాత్రం ఉక్కుదిగా మార్చుతున్నారు. మొదట చెప్పుకొన్న నిర్వచనం ప్రకారం అవి కొయ్య జాబితానుంచి తొలగిపోయినట్లే.

బడిలో చేయదగిన పరీక్ష

అడుగు చక్రం అవసరాన్ని గోలీ ఒకటి చూపగలదు. తోటకు నీరుపట్టే గొట్టం రెండు మీటర్ల ముక్కను నిలువునా చీల్చితే కాలువ వంటి దారి ఏర్పడుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రని డబ్బాను బల్లమీద అడ్డంగా పడుకోబెట్టి కదలకుండా ఆనించాలి. దారి ఒక కొసను పైకి కట్టి, వాలుగా దించి, జానెడు దూరం మట్టంగా నడిపి, ఆ మట్టంలోనే డబ్బా నెత్తికి చేర్చి, అక్కడినుంచి డబ్బా వంపు వెంట కిందికి పోనివ్వాలి. వంపు మీద సుద్దపొడి పలుచగా చల్లాలి.

గోలీ దొర్లుతూ పోతుంది గనుక దాని శక్తిలో ఏడింట రెండు వంతులు తన చుట్టూ తాను తిరగడానికే పోతుంది. ఆ సంగతి కలిపి లెక్కిస్తే, మట్టపు దారికి వ్యాసార్థంలో పదింట ఏడు వంతుల ఎత్తు, అంటే ఇక్కడ 7 సెంటీమీటర్లు, మించి వదిలిన గోలీ వంపు మొదట్లోనే దారిని విడిచి లేవాలి. తక్కువ ఎత్తునుంచి వదిలితే కొంతదూరం వంపును అంటుకొని దొర్లి, బాగా వాలిన చోట విడుస్తుంది. సుద్దపొడిలో గీత ఎక్కడ తెగిందో చూస్తే తెలుస్తుంది. 4, 6, 8, 10, 12 సెంటీమీటర్ల నుంచి వదిలి ఒక్కొక్కదానికి గీత పొడవు కొలిచి పట్టిక వ్రాయాలి. ఘర్షణవల్ల గీత పూర్తిగా మాయమయ్యే ఎత్తు 7కు కొంచెం పైన ఉండవచ్చును. తరువాత ఆ డబ్బాకు బదులు ఇంకా పెద్ద డబ్బా, ఇంకా చిన్న డబ్బా పెట్టి చూస్తే ఆ ఎత్తు వ్యాసార్థంతోపాటు ఎట్లా మారుతున్నదో బయటపడుతుంది. గోలీ బరువు మార్చి చూచినవారికి మాత్రం తేడా ఏమీ కనబడదు.